గుండుగాడి నాలుగు ప్రాణాలు

పద్దెనిమిదేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి మెట్ల మీంచి జారిపడ్డాడు. అదీ సొంతింటి మెట్లు, అదీ చివరి రెండు. కాలికి కట్టు కట్టిన డాక్టరు ఎలా పడ్డారని అడిగి, ఏం పని చేస్తారని కూడా అడిగి, నవ్వు దాచుకోవడానికి అటు తిరిగి కడిగిన చేతులే మళ్లీ కడుక్కున్నాడు.

తోటి మెకానిక్కులు అతన్ని బ్రేకు అంటారు. లిఫ్టు తలుపు తెరుచుకున్నా, లోపలి నేల బయటి నేలతో సమంగా ఆగిందో లేదో చూడందే అతను కాలు పెట్టడు, ఇంకొకర్ని పెట్టనివ్వడు. బట్టల దుకాణానికి వెళ్లినా సరే, పెళ్లానికీ కూతురికీ చెయ్యి అడ్డం పెట్టి, నేల చూసుకుని, అప్పుడు "ఊఁ, రండి" అంటాడు. ఇన్నేళ్లలో అతను చూసుకునే లిఫ్టుల్లో ఒక్కరికి గోరు కూడా విరగలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకోడు. ఎవరైనా చెబితే మాత్రం చివరిదాకా వింటాడు.

కట్టుతో పది రోజులు ఇంట్లో కూర్చోవాలి. నాలుగో రోజు పొద్దున, ఎనిమిదేళ్ల కూతురు బడి సంచి తగిలించుకుని వచ్చి బల్ల మీది ఆటపెట్టెను చూపించింది.

"నాన్నా, దీన్ని ముట్టుకోకు. గుండుగాడికి ఒక్కటే ప్రాణం ఉంది."

ఆటపెట్టె అరచేతిలో ఇమిడేంతది. కొని నెలన్నా కాలేదు గాని, పాతకాలపు దానిలా కనిపించాలని అలా తయారుచేశారు. బూడిద రంగు డొప్ప, పాచి నీళ్ల రంగు తెర, నాలుగు వైపులా కదిలే మీట, రెండు గుండ్రటి బొత్తాలు. పుట్టుకతోనే ముసలిది. అందులో వేలిగోరంత మనిషి, నున్నటి తల, చేతిలో లాంతరు. గుండుగాడని పేరు పెట్టింది కూతురే. వాడు పలక మీంచి పలక మీదికి దూకుతూ తొమ్మిది లెవెల్స్ దాటి, పదో లెవెల్‌లో బురుజు ఎక్కి, పైన ఆరిపోయిన దీపం వెలిగించాలి. ఉన్న ప్రాణాలన్నీ పోతే మొదటికే. పెట్టె ఆపేసినా మొదటికే. అందుకే రోజూ ఆటను ఎక్కడికక్కడ నిలిపి, ఛార్జింగులో పెట్టి వదిలేస్తుంది.

"బురుజుదాకా రావడానికి మూడు వారాలు పట్టింది నాన్నా!"

అంత పట్టడానికి కారణం తల్లి. ఆవిడ బడిలో ఫిజిక్స్ చెబుతుంది. ల్యాబులో పనికిరాదని పక్కన పడేసిన ఇసుక గడియారానికి జిగురు పెట్టి ఇంటికి తెచ్చింది. అందులో ఇసుక దిగడానికి ఇరవై నిమిషాలు. మనిషికి రోజుకి ఒక్కసారే దాన్ని తిప్పాలి. తెరకీ కంటికీ మధ్య ముప్పై సెంటీమీటర్లు ఉండాలి. కొలవడానికి స్కేలు కూడా అక్కడే ఉంటుంది.

"నేనెందుకు ముట్టుకుంటానమ్మా? నాకు వేరే పని లేదా?"

"లేదుగా," అంది కూతురు, కట్టు వంక చూస్తూ.

"ఏమండీ, ఆ కాలు కింద పెట్టకండి," అని తల్లి కూతుర్ని బయటికి లాక్కుపోయింది.

ఎనిమిదిన్నరకి ఛార్జింగు దీపం మిణుకుమంది. వైరు వదులైంది. వదులు వైరు చూస్తూ కూర్చోగలిగితే అతను మెకానిక్కే కాదు. పెట్టెను పైకి తీసి వైరు గట్టిగా నొక్కాడు. ఆ నొక్కుడుకి బొటనవేలు ఎక్కడ తగిలిందో ఏమో, పెట్టె కుయ్‌మంది. పాట మొదలైంది.

గుండుగాడు ఒక పలక మీద నిలబడి ఉన్నాడు. పలక పైకి పోతోంది. పక్కనే గట్టు. ఎవరైనా ఏం చేస్తారు? గట్టు రాగానే దూకుతారు. అతను మాత్రం పలక గట్టుతో సమంగా ఆగేదాకా ఆగాడు. పలక ఆగలేదు. గట్టు దాటిపోయింది. ఇది ఎవరు బిగించారురా అనుకునేలోపు పైకప్పుకి దిగేసిన మేకులు వచ్చాయి.

కుయ్య్య్. 'మళ్లీ మొదటి నుంచి?' అని అడిగింది తెర, ఎంతో మర్యాదగా.

అతను గోడ గడియారం వంక చూశాడు. మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు, మొత్తం ఏడు గంటలు. తల్లీకూతుళ్లు వచ్చేది మూడున్నరకి. సరిగ్గా ఏడు గంటలుంది. గుండుగాణ్ణి ఆ పలక మీదికే తెచ్చి నిలబెట్టేస్తే పిల్లకి తెలియనే తెలియదు.

మొదటి లెవెల్‌లోనే పదకొండుసార్లు పోయాడు. ప్రతిసారీ పలక ఆగుతుందేమోనని చూడటమే. పన్నెండోసారి బొత్తాలు వదిలేసి, కాలు దిండు మీద పెట్టుకుని, ఊరికే చూశాడు. పలక వెనక్కి మళ్లే ముందు ఒక్క క్షణం తడబడుతుంది. ప్రతిసారీ అక్కడే, ప్రతిసారీ అంతే సేపు. ఇంత నిజాయితీ ఉన్న యంత్రాన్ని అతను ఎప్పుడూ చూడలేదు. అతను చూసే లిఫ్టులు సోమవారం ఒకలా, వానొస్తే ఒకలా ఉంటాయి. ఇక్కడ పడ్డావంటే తప్పు నీదే. తప్పు నీదైతే దిద్దుకోవచ్చు కూడా. ఆ ఆలోచన అతనికి ఎంత నచ్చిందంటే, నాలుగో లెవెల్ దాటేదాకా మంచినీళ్లు తాగడం మర్చిపోయాడు.

పన్నెండింటికి జోడు మెకానిక్కు ఫోన్ చేశాడు.

"గురూ, ఆఫీసు బిల్డింగులో లిఫ్టు కదలట్లేదు. అయిదో అంతస్తులో తలుపు తీసి చూస్తున్నా. లోపలెవరూ లేరులే."

"తలుపు కాంటాక్టు చూడు. దుమ్ము పట్టి ఉంటుంది... ఆగు, ఆగు, ఇప్పుడే కాదు... ఆఁ, దూకు! దూకెయ్!"

అవతల తలుపు దగ్గర్నుంచి కాళ్లు వెనక్కి జరిగిన చప్పుడైంది.

"గురూ," అన్నాడు జోడు మెకానిక్కు సన్నగా, "నేనెప్పుడైనా నిన్ను ఏమన్నా అన్నానా?"

"నిన్ను కాదయ్యా! నువ్వు కదలకు. వీణ్ణంటున్నా, గుండుగాణ్ణి."

"మన మేనేజరునా?"

"కాదు! గుడ్డ పెట్టి ఆ కాంటాక్టు తుడిచి, ఫోను పెట్టెయ్."

"మందుబిళ్లలేమైనా మార్చారా గురూ?"

మూడుంపావుకి బురుజు వచ్చింది. ఆ పలకా, ఆ గట్టూ వచ్చాయి. ఆటను నిలిపి, గెలిచినవాడిలా వెనక్కి వాలి, తెర మూల చూసి మళ్లీ లేచాడు. అక్కడ నాలుగు లాంతర్లున్నాయి. నాలుగు ప్రాణాలు. పిల్ల వదిలి వెళ్లింది ఒక్కదాన్నే. జాగ్రత్తపరుడు కదా, దారిలో దొరికిన ప్రాణాలన్నీ ఏరి దాచాడు.

ఇక మూడుసార్లు గుండుగాణ్ణి గోతిలో తొయ్యాలి. అంతే పని.

పలక అంచుకి తెచ్చాడు. కింద నల్లటి గొయ్యి, అచ్చం లిఫ్టు గొయ్యిలాగే. గుండుగాడు లాంతరు పట్టుకుని నమ్మకంగా చూస్తున్నాడు. బొటనవేలు కదల్లేదు. ఇది బొమ్మ, చుక్కల బొమ్మ, అని తనకి తనే చెప్పుకున్నాడు. చివరికి కళ్లు మూసుకుని నొక్కాడు. తెరిచి చూస్తే గుండుగాడు అవతలి గట్టు మీద క్షేమంగా ఉన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఎవరినీ పడనివ్వని చెయ్యి, దాని పని అది చేసుకుపోయింది. వెనక్కి తెచ్చి మళ్లీ నొక్కాడు. మళ్లీ గట్టే.

వీధి తలుపు చప్పుడైంది. గబుక్కున గుండుగాణ్ణి పలక మీదికి తెచ్చి ఆటను నిలిపాడు.

కూతురు సంచి కూడా దించకుండా బల్ల దగ్గరికి వెళ్లింది. తెర చూసింది. వేళ్లతో లెక్కపెట్టింది.

"నాన్నా. వీడికి నాలుగెలా వచ్చాయి?"

"వైరు వదులైందమ్మా. బిగిద్దామని..."

"చంపేశావా?"

"ఒక్కసారే," అన్నాడు అతను. తర్వాత నిజం చెప్పడం మొదలెట్టాడు గనక, "మొదటి లెవెల్‌లో ఇంకో పదకొండుసార్లు," అన్నాడు. "క్షమించమ్మా. ముట్టుకోనని చెప్పి ముట్టుకున్నాను. నీకు తెలియకుండా మళ్లీ సర్దేద్దామని చూశాను. అది ఇంకా తప్పు."

కూతురు ముఖం ఏడుపుకీ కోపానికీ మధ్య కాసేపు ఊగింది. "ఆరో లెవెల్‌లో తిరిగే చక్రం ఎలా దాటావు?"

"తిరగనిచ్చి, తడబడినప్పుడు."

"నాకది నాలుగు రోజులు పట్టింది," అని ఇసుక గడియారం తిప్పి, ఆటపెట్టె తీసుకుంది. గుండుగాణ్ణి చకచకా అంచుకి నడిపించి గోతిలో వేసింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కుయ్య్య్. మళ్లీ. కుయ్య్య్. మళ్లీ.

"ఇప్పుడు సరిపోయింది. అవి నీవి. ఇది నాది."

ఆ ఒక్క ప్రాణంతో ఊపిరి బిగబట్టి గట్టెక్కింది. తర్వాతి పలక ఎక్కింది. ఆ పైదానికి దూకబోయి, అందక, తిన్నగా గోతిలో పడింది.

తండ్రి "అయ్యో!" అన్నాడు. కూతురు మాత్రం పకపకా నవ్వింది. "నేను తొందరపడ్డా," అని, 'మళ్లీ మొదటి నుంచి?' అన్న తెరకి అవుననే బొత్తం నొక్కింది.

గుమ్మంలో నిలబడి అంతా విన్న తల్లి లోపలికి వచ్చింది. "ఏమండీ, మీరు ఎంతసేపు ఆడారు?"

"ఏడు... దాదాపు ఏడు గంటలు."

"ఏడు గంటలంటే నాలుగువందల ఇరవై నిమిషాలు. ఇరవై ఒక్క రోజుల కోటా అయిపోయింది. ఇక వచ్చే నెల్లోనే."

"చూడొచ్చా మరి?"

"చూడండి. ముప్పై సెంటీమీటర్ల నుంచి."

అతను కుర్చీ జరుపుకుని, కట్టు కాలు దిండు మీద పెట్టి, చేతులు తొడల కింద అదిమి పెట్టుకున్నాడు. గుండుగాడు మొదటి పలక ఎక్కాడు. "అదిగో, ఇప్పుడు తడబడుతుంది చూడు..."

"చెప్పడం కూడా ఆడటమే," అంది తల్లి. గడియారంలో ఇసుక అడుగంటుతోంది. ఆవిడ కాసేపు తెర వంక చూసింది. చిన్న దీపం ఒకటి వెలిగింది, కూతురు "రెండో లెవెల్!" అని అరిచింది. ఆవిడ ఏమీ ఎరగనట్టు గడియారాన్ని తీసి, బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టింది.