ఓబయ్య మామ మూడో వంతు

ఓబయ్యకు ఉన్న పిచ్చి ఒక్కటే. కరెంటు కారు బ్యాటరీలో మూడో వంతును ఎవరినీ ముట్టుకోనివ్వడు. కారు ఆయనది కాదు, పెద్దల్లుడు సుకుమార్‌ది. అయినా సరే. బోగోలు తీరంలో వయసంతా మరబోటు నడిపిన సరంగు. ఒడ్డుకొచ్చినా పెత్తనం వదల్లేదు.

చిన్నకూతురు వెన్నెల పెళ్లి తడలో, పెళ్లికొడుకు ఇంటి దగ్గర. గోధూళి ముహూర్తం. చుట్టాలు బస్సులో ముందే పోయారు. కారులో పెళ్లికూతురు, తల్లి పిచ్చమ్మ, నడుపుతూ సుకుమార్, పక్కన ఓబయ్య.

నెల్లూరు రాగానే ఓబయ్య చెయ్యెత్తాడు.

“ఆపు అల్లుడా. చార్జింగ్ పెట్టు.”

“సగం పైన ఉండాది మామా!”

“అందులో మూడో వంతు తీసేయ్.”

“ఎందుకు తీసేసేది? బ్యాటరీలోనే ఉండాది గదా!”

“ఉండాది. మనది కాదు.”

ఇక మాట్లాడి లాభం లేదు. సుకుమార్ ఆపాడు.

చిల్లకూరు దగ్గర మళ్లీ ఆగారు. చార్జర్ వరుసలో వెనక ఉన్న కారులో చంటిబిడ్డ ఏడుస్తోందని ఓబయ్య వాళ్లను ముందుకు పంపి, తాను వెనక్కు జరిగాడు. సుకుమార్ పళ్లు నూరుకున్నాడు. పట్టుచీరతో, పూలజడతో చార్జర్ పక్కన కూర్చున్న వెన్నెలను టీకొట్టామె ఎగాదిగా చూసింది.

“ఏం పాపా, లేచిపోతండారా?”

“మా నాయన తోడుంటే లేచిపోయేది గూడా ముహూర్తం దాటినాకే అక్కా!”

నాయుడుపేటలో మూడోసారి ఆగేసరికి పిచ్చమ్మకు ఓపిక చచ్చింది. “ఇది పెళ్లి ప్రయాణమా, కరెంటోళ్ల తనిఖీనా?” అంది.

సూళ్లూరుపేట చేరేటప్పటికి ఫోన్ మోగింది. అవతల వియ్యంకుడు మస్తానయ్య.

“బావా, పిల్లోడు కనబళ్లా! బస్సెక్కలేని తన అవ్వను తెస్తానని పొద్దున కరెంటు కారేసుకొని పులికాట్ వైపు ఊరికి పోయినాడు. చార్జింగ్ అయిపోతండాదని ఫోన్ చేసినాడు, అంతలో ఫోనూ చచ్చింది. ఈడ నుంచి బయల్దేరతండాం గానీ, మీరే దగ్గర!”

వెన్నెల మొహం వాడిపోయింది.

“తిప్పు అల్లుడా, పులికాట్ వైపు,” అన్నాడు ఓబయ్య.

“ఎంత దూరం తిరగాల్నో ఏమో మామా, చార్జింగ్...” అంటూ కారు తెర చూసి సుకుమార్ ఆగిపోయాడు. కావలసినంత ఉంది.

“బోటులో డీజిల్ మూడు వంతులు పోస్తాం,” అన్నాడు ఓబయ్య, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా. “పోను ఒకటి. రాను ఒకటి. రానోణ్ణి వెతకను ఒకటి. వాడెవడో తెలవకపోయినా అది వాడిదే.”

సుకుమార్ బండి తిప్పాడు.

ఒక దారి ఉప్పునేలల్లో ఆగిపోయింది. ఇంకొకటి పడవల రేవు దగ్గర అయిపోయింది. పొద్దు వాలుతోంది. పిచ్చమ్మ దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కుతోంది. తర్వాతి దారిలో నిలిచిపోయిన కారు, దాని నీడలో అవ్వ, ఆమెకు తువ్వాలుతో విసురుతూ పెళ్లికొడుకు కిషోర్ బాబు!

“ఏమబ్బయా, పెళ్లికూతురే వచ్చి తీసకపోవాల్నా?” అన్నాడు ఓబయ్య.

అవ్వను ముందు కూర్చోబెట్టి, వెనక నలుగురూ ఇరుక్కున్నారు. కాబోయే దంపతుల మధ్య పిచ్చమ్మ గోడలా కూర్చుంది. “తాళి కట్టేదాకా కిటికీలోంచి కొంగల్ని చూడు నాయనా,” అంది.

దేవుడి దయవల్ల ముహూర్తం అందింది. తాళి పడింది. ఆశీర్వాదాల వేళకు మాత్రం ఓబయ్య లేడు. ఎక్కడుంటాడో సుకుమార్‌కు తెలుసు. కొత్త దంపతులను రోడ్డు అవతలి చార్జర్ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ కారుకు తీగ తగిలించి నిలబడి ఉన్నాడు మామ.

“ఇదేంది మామా, ఈ గడియలో?”

“తాళి కట్టేటప్పుడు ఉన్నాలేబ్బా. ఆ వంతు వాడేసినాం గదా. ఇంకెవడన్నా నిలిచిపోయి ఉంటే?”

బాసికాలతోనే ఇద్దరూ ఆయన కాళ్లకు మొక్కారు. ఓబయ్య జేబులోంచి అక్షింతలు తీసి చల్లాడు. అప్పుడే వెనక వచ్చి ఆగిన కారాయన అదంతా చూసి, ఇక్కడి ఆచారం కాబోలనుకుని, చెప్పులు విడిచి చార్జరుకు ఒక దండం పెట్టాడు.