రంగం తవిటమ్మ మెట్ట

గజపతినగరానికి రెండు కోసుల దూరంలో, కొండ దిగువన తుమ్మికవలస అని ఓ చిన్న ఊరు. ఆ ఊళ్ళో తవిటమ్మలు అరడజను మందికి తక్కువ లేరు. వట్టి తవిటమ్మ అంటే 'ఏ తవిటమ్మ?' అని ఎదురడుగుతారు. 'రంగం తవిటమ్మ' అంటే మాత్రం ఎవరైనా సరే మారుమాట లేకుండా చెయ్యెత్తి కొండవైపు చూపిస్తారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. అక్కడ ఇరవయ్యారేళ్ళు బతికి వచ్చిన మనిషి కాబట్టి ఆ పేరు. మొదట్లో వెక్కిరింపుగా పెట్టారు. తరవాత తరవాత అదే ఇంటి పేరులా నిలిచిపోయింది.

పందొమ్మిది వందల అరవై తొమ్మిదో సంవత్సరం వేసవికి ఆమె వయసు కూడా సరిగ్గా అంతే. నడుం వంగలేదు. తెల్లారేసరికి నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్టతో, భుజాన గునపంతో చేలో ఉండేది.

పుట్టింది నౌపడ దగ్గర, ఉప్పుమళ్ళు కనిపించే పల్లెలో. పదహారో ఏట సూరయ్యతో పెళ్ళయింది. ఆ ఏడే సూరయ్య రంగం పోతానన్నాడు. ఆ రోజుల్లో మగాళ్ళు ఓడెక్కితే ఆడాళ్ళు ఊళ్ళో ఉండిపోయేవారు. తవిటమ్మ ఒప్పుకోలేదు.

"ఉప్పుగాలి తింటా నానిక్కడ కూకుంటే ఏటొస్తాది మావా? నువ్వెక్కిన ఓడ నన్ను మొయ్యలేదా?" అంది.

అలా ఇద్దరూ వెళ్ళారు. సూరయ్య కొన్నాళ్ళు బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. చేతిలో కాస్త ఆసరా చిక్కాక, ఓ బర్మా ఆసామి దగ్గర పొలం కౌలుకు పట్టారు. మోకాలి లోతు నీళ్ళలో ఇద్దరూ నాట్లు వేసేవారు. అయిదుగురు బిడ్డలు పుట్టారు. ముగ్గురు ఆ మట్టిలోనే కలిసిపోయారు. సోములు, లక్ష్ముడు మిగిలారు.

నలభై రెండులో రంగం మీద బాంబులు పడ్డాయి. జనమంతా నడక పట్టారు. వాళ్ళతోపాటు వీళ్ళూ బయలుదేరారు. అరకాను కొండల్లో సూరయ్యకు వాంతిబేది తగిలింది. తెల్లారి మొదలైంది, పొద్దు వాలేసరికి మనిషి లేడు. దహనానికి కర్రల్లేవు, వెనక జనం తోసుకొస్తున్నారు. తల్లీ ఇద్దరు కొడుకులూ కలిసి అతని మీద రాళ్ళు పేర్చారు. పెద్దాడికి పన్నెండేళ్ళు, చిన్నాడికి ఎనిమిది. పేర్చడం అయ్యాక తవిటమ్మ చిన్నాణ్ణి ఎత్తుకుని మళ్ళీ నడిచింది. ఏడుపు నౌపడ స్టేషన్లో రైలు దిగాక వచ్చింది.

అత్తవారింట్లో మరుదులు కాళ్ళకు నీళ్ళిచ్చారు, అన్నం పెట్టారు. వారం తిరిగాక ఆమె భూమి మాట ఎత్తింది.

"అన్నకి వాటా ఉండీదే, ఒదినా. నాం కాదనం. అన్న పోయినాడు కదా. కాయితంలో నీ పేరు ఎక్కడున్నాది సెప్పు?" అన్నాడు పెద్ద మరిది. గొంతు పెంచలేదు. మెత్తగానే అన్నాడు.

తవిటమ్మ దెబ్బలాడలేదు. పిల్లల్ని తీసుకుని నాట్ల కూలీలతో కలిసి ఊరూరా తిరుగుతూ తుమ్మికవలస చేరింది. అక్కడ అప్పటి ఊరిపెద్ద పోతురాజు. కొండ వాలులో రాళ్ళూ ముళ్ళపొదలూ తప్ప ఏమీ లేని బంజరు ఒకటి ఉండేది. దాన్ని సాగు చేసుకుంటానని ఆమె వెళ్ళి అడిగితే పోతురాజు నవ్వాడు.

"నక్కలు కూడా తిరగని సోటది. దున్నుకోగలిగితే దున్నుకో" అన్నాడు.

దున్నడం తరవాతి మాట. ముందు రాళ్ళు ఏరాలి. ఏరిన రాళ్ళతో వాలుకు అడ్డంగా గట్టు కట్టాలి. గట్టు నిలిస్తే మట్టి నిలుస్తుంది. తల్లీ కొడుకులు పగలు ఊళ్ళో కూలి చేసి, పొద్దు మిగిలితే ఇక్కడ రాళ్ళు మోసేవారు. మొదటి గట్టు పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ ఏడు గుప్పెడు ఉలవలు చల్లారు. మరుసటేడు చోళ్ళు, అంటే రాగులు, పండాయి. ఊళ్ళో పెళ్ళిళ్ళకు మాత్రం ఆమెను పంక్తిలో కూర్చోనిచ్చేవారు కాదు. 'ఆ దేశంలో ఏటి తిన్నాదో' అని గుసగుసలాడేవారు. ఆమె పిలవని చోటికి వెళ్ళడం మానేసింది, అంతే.

సోములుకు అసిరమ్మ, లక్ష్ముడికి బుల్లమ్మ కోడళ్ళుగా వచ్చారు. కోడళ్ళు వచ్చాక నుయ్యి మొదలుపెట్టారు. ఆరు నిలువుల లోతున నల్లరాయి తగిలింది. మగాళ్ళిద్దరూ చాలించేద్దామన్నారు. అసిరమ్మ తట్ట తలకెత్తుకుని నూతి గట్టు దిగింది. బుల్లమ్మ ఆమె వెనకే వెళ్ళింది. మూడు వేసవులు ఆ రాయిని ముక్కలు ముక్కలుగా పగలగొట్టి పైకి మోశారు. నాలుగో వేసవి చైత్రంలో నీళ్ళు ఊరాయి. ఇద్దరు కోడళ్ళూ బురదలో నిలబడి కేకలు పెడుతుంటే తవిటమ్మ గట్టుమీద కూర్చుని వాళ్ళనే చూసింది, నీళ్ళను తరవాత చూసింది.

ఆ నీటితో సగం మెట్ట వరిమడి అయింది. తక్కిన సగంలో నువ్వులూ గోగూ. తవిటమ్మ ఆ ఊరు వచ్చి పాతికేళ్ళు గడిచాక, అటువైపు కరెంటు స్తంభాలు వస్తున్నాయని తెలిసింది. దాంతో ఆ భూమిమీద చాలామందికి మనసైంది. పోతురాజు తమ్ముడి కొడుకు జగన్నాధం అది తమ తాతలనాటి పశువుల బీడని అర్జీ పెట్టాడు. విచారణకు రెవిన్యూ ఇన్‌స్పెక్టరు నారాయణమూర్తి వచ్చాడు.

"ఎన్నాళ్ళుగా సాగు చేస్తున్నావో ఏదైనా ఆధారం ఉందా, అమ్మా?" అని అడిగాడు.

"ఉన్నాది బాబూ. కూకుని సూస్తే అగుపడదు. నాతో నడవండి" అంది తవిటమ్మ.

ఎండలో ఆమె ముందు, ఆయన వెనక, ఊరు ఊరంతా ఆ వెనక.

"ఈ గట్టు సొతంత్రం వొచ్చినేడు కట్టినాం. ఇది పెద్దోడి పెళ్ళేడు. అదిగో, ఆ మూడో గట్టుకి రాయి మోస్తన్నపుడే మా బుల్లమ్మకి నొప్పులొచ్చినాయి. మా మనవరాలు నీలవేణి ఈ సెట్టు కిందే పుట్టినాది. ఇప్పుడు దానికి పదమూడేళ్ళు. లెక్క మీరే కట్టుకోండి."

నూతి దగ్గర ఆగి జగన్నాధం వైపు తిరిగింది.

"నాయినా, నీ తాతలనాటి బీడు కదా. ఈ నూతిలో రాయి ఎన్ని నిలువుల కాడ తగిలినాదో సెప్పు."

జగన్నాధం నూతిలోకి తొంగిచూశాడు. ఈలోపు కర్ర పొడుచుకుంటూ ముసలి పోతురాజు జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు.

"ఆడికేటి తెలుస్తాది! అయ్యా, దున్నుకోమని సెప్పిన నోరు ఇదే. నక్కలు తిరగవని నవ్విన నోరూ ఇదే. ఒరే జగన్నాధం, అప్పటికి నీకు గోచీ పెట్టుకోడం కూడా రాదురా. ఇంటికి పద."

జగన్నాధం జనంలోంచి జారుకున్నాడు. నారాయణమూర్తి నూతి గట్టుమీద కూర్చుని, రాసుకోవలసింది రాసుకుని తలెత్తాడు.

"పట్టాకు సిఫార్సు చేస్తాను. ఎవరి పేరున రాయమంటారు?"

"మా అమ్మ పేరున రాయండి" అన్నాడు సోములు.

"నా పేరొద్దు. కోడళ్ళ పేరున రాయండి. సెరిసగం. అసిరమ్మ, బుల్లమ్మ" అంది తవిటమ్మ.

జనంలో కలకలం. కోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నారాయణమూర్తి కలం ఆపాడు.

"కొడుకులుండగా కోడళ్ళ పేరున అడిగినవాళ్ళని నేనింతవరకు చూడలేదమ్మా."

"నా కొడుకులు మంచోలే బాబూ. మా మరుదులూ మంచోలే. అయినా మొగుడున్నన్నాళ్ళు నాను రైతు పెళ్ళాన్ని, ఆడు పోయిన మర్నాడు కూలిదాన్ని. ఆ నల్లరాయి మోసిన తలకాయలు ఈలివి. ఈలికా గతి రాకూడదు."

లక్ష్ముడు ఉక్రోషంగా, "మరి మాకేటి మిగిల్నాది, అమా?" అన్నాడు.

"దున్నడం మిగిల్నాది" అంది తల్లి.

అందరికన్నా పెద్దగా నవ్వింది పోతురాజే. చివరికి లక్ష్ముడికీ నవ్వాగలేదు.

వానలు పడ్డాక పట్టా కాగితం వచ్చింది. బళ్ళో చదువుతున్న నీలవేణి దాన్ని అరుగుమీద కూర్చుని గట్టిగా చదివింది. తల్లి పేరూ పెద్దమ్మ పేరూ వచ్చిన చోట తవిటమ్మ మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. అసిరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తరవాత జగన్నాధం పశువులు గట్టెక్కి నారుమడి వైపు వచ్చాయి. తవిటమ్మ చేలోని పాకలో ఉంది. లేవబోతుంటే బయటినుంచి బుల్లమ్మ గొంతు వినిపించింది. పెద్దవాళ్ళ ముందు పెదవి విప్పి ఎరగని బుల్లమ్మ అది.

"బావా, పశువుల్ని మలుపుకో. ఇది మా మెట్ట!"

తవిటమ్మ లేవలేదు. పశువుల గంటలు గట్టు దిగి దూరమయ్యేదాకా, అలాగే గోడకు చేరబడి వింటూ కూర్చుంది.