కొసరు గాజు

నా చిన్నప్పుడు మా జేజి చేతులు ఎప్పుడూ పైటకొంగు కిందే ఉండేవి. బెంగళూరులో బళేపేట వెనక ఒక వఠారంలో మేము అద్దెకుండేవాళ్లం. ఆ రెండు గదుల ఇంట్లో ఆమె గోడకు కూడా ఆనకుండా నిటారుగా కూర్చునేది. మండుటెండల్లో కూడా చేతుల మీదినుంచి కొంగు తీసేది కాదు. పెద్దింటి మర్యాద కాబోలు అనుకునేవాళ్లు వఠారంలోవాళ్లు. అసలు సంగతి ఇంట్లో మాకే తెలుసు. ఉన్నట్టుండి ఆమె వేళ్లు వాటంతట అవే బిగుసుకుని ఒకచోటికి చేరేవి. మణికట్టు వంగేది, అరచెయ్యి గుంట పడేది. అప్పుడు ఆ చెయ్యి ఎవరి ముందో చాపి ఏదో అడుగుతున్నట్టు కనిపించేది.

నొప్పిని ఆమె ఓర్చుకునేది. చెయ్యి అలా కనిపించడం మాత్రం ఓర్చుకోలేకపోయేది.

జేజి అంటే మా నాన్న తల్లి. మాది అనంతపురం వైపు ఒకప్పటి పాళెగాళ్ల ఇల్లు. పాళెం ఎప్పుడో పోయింది. తర్వాత పొలాలు పోయాయి, చివరికి ఊరే వదిలి బెంగళూరు చేరాం. మా నాన్న ఒక ఇత్తడి సామాన్ల కొట్టులో గుమాస్తాగా పనిచేసేవాడు. ఇది చెప్పడానికి నాకు సిగ్గులేదు. ఆస్తి పోయింది గాని, మావాళ్లు ఏనాడూ ఒకరి గుమ్మంలో నిలబడలేదు.

ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోకూడదు. పక్కింటి నుంచి గిన్నెలో ఏదైనా వస్తే, ఆ గిన్నె తిరిగి వెళ్లేటప్పుడు అందులో అంతకంటే మంచిది ఉండి తీరాలి. ఒకసారి ఎవరో పెరటి మునక్కాయలు ఇస్తే, మా ఇంటి రేషన్ చక్కెర మొత్తం మిఠాయిగా మారి వాళ్లింటికి వెళ్లిపోయింది. ఆ నెలంతా మేము బెల్లం కాఫీ తాగాం. మా అమ్మ నోరెత్తలేదు. మా తాతయ్య మాత్రం గ్లాసు దించుతూ, ఇంకెవరూ మునక్కాయలు ఇవ్వకుండా చూడమని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

జేజికి ఆ జబ్బు ఆపరేషన్ తర్వాత వచ్చింది. మెడలో ఏళ్ల తరబడి పెరిగిన థైరాయిడ్ గడ్డను డాక్టర్లు తీసేశారు. ఆ థైరాయిడ్ వెనక పెసరగింజంత గ్రంథులు నాలుగు అంటుకుని ఉంటాయి. వాటిని పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకునే హార్మోన్ వాటినుంచే వస్తుంది. గడ్డతోపాటు ఆమెకు అవి కూడా పోయాయి. థైరాయిడ్ లేకపోతే దాని బదులు మింగడానికి మాత్ర ఉంది. ఈ హార్మోన్‌కు బదులుగా ఇచ్చే మందు ఆ రోజుల్లో మాకు దొరికేది కాదు. గుప్పెడు కాల్షియం మాత్రలూ, వాటితోపాటు విటమిన్ మాత్రలూ మింగుతూ రోజులు నెట్టడమే. అవి సరిపోనప్పుడు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు ఉండేదట. ఆ తర్వాత చేతులు బిగుసుకునేవి. ఆస్పత్రిలో ఆమెను చూసే డాక్టరమ్మ, ఒంట్లో ఎలా ఉందని అడిగితే జేజి బాగుందనే చెప్పేది. అలా చెప్పడం వల్ల ఆమెకు మందు ఎప్పుడూ చాలినంత అందేది కాదు.

దాచిన సంగతి బయటివాళ్లలో మొదట పసిగట్టింది గాజుల అక్క. వఠారంలో చివరి ఇల్లు ఆమెది. బళేపేట సందులో చిన్న కొట్టు పెట్టుకుని, పండగల ముందు ఇంటింటికీ వచ్చి గాజులు వేసేది. ఆమెకూ ఒంట్లో బాగుండేది కాదు. ఎముకలన్నీ నొప్పులు, అందుకు తోడు మూత్రపిండాల్లో రాళ్లు. ఆ ఏడు వినాయక చవితికి ముందురోజు చేసే గౌరి పండుగకు వచ్చి, జేజి చెయ్యి పట్టుకుని మణికట్టు పైన గట్టిగా అదిమింది. వెంటనే వేళ్లన్నీ దగ్గరకు ముడుచుకున్నాయి. గాజులు వేసేవాళ్లకు అంతకంటే సులువు ఏముంటుంది. "పెద్దమ్మా, ఇంత బాగా చెయ్యి ముడిచి ఇచ్చేవాళ్లను నేను చూడనేలేదు" అని నవ్వింది. గాజులన్నీ ఎక్కించాక కూడా ఆ వేళ్లు విడలేదు. అక్క నవ్వు ఆపింది. ఏమీ అడగకుండా తన కొంగు తీసి ఆ చేతి మీద కప్పి, అది వదులయ్యేదాకా మా అమ్మతో పువ్వుల ధరల గురించి మాట్లాడుతూ కూర్చుంది.

ఆ తర్వాత మా అమ్మ ఆమెను కూడా జేజిని చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలు చేస్తే వింత తేలింది. జేజికి పోయిన గ్రంథులే అక్కకు మితిమీరి పెరిగాయి. ఎముకల్లోని కాల్షియంను లాగి రక్తంలోకి తోసేస్తున్నాయి. ఆ నొప్పులకు, రాళ్లకు అదే కారణం. వాటిలో చాలాభాగం కోసి తీసేయాలన్నారు.

డాక్టరమ్మకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఇద్దరి రక్తం గ్రూపూ ఒకటే. అక్క దగ్గర తీసిన గ్రంథిలో చిన్న భాగాన్ని సన్నని ముక్కలుగా తరిగి, జేజి ముంజేతి కండలో చోటుచేసి పెట్టవచ్చు. అది అక్కడ నాటుకుంటే, మెడలో ఉండి చేయవలసిన పని చేతిలో ఉండి చేస్తుంది. అయితే ఆమె ఆశలు పెట్టలేదు. ఇలా చాలా కొద్ది చోట్లే చేసి చూస్తున్నారని, పరాయి మనిషి గ్రంథిని ఒళ్లు ఒప్పుకోకపోవచ్చని, ఒప్పుకున్నా ఎన్నాళ్లు పనిచేస్తుందో తాను చెప్పలేనని ముందే తేల్చి చెప్పింది. అక్కను విడిగా పిలిచి అడిగితే సరేనంది. తర్వాత అందరి ఎదుటా జేజిని అడిగింది.

జేజి కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చుంది. "ఒకరు పారేసేది నా ఒంట్లో పెట్టుకోవాల్నా? పారేసేది కాదు, ఇచ్చేదే అంటే, దానికి బదులు నేనేమి ఇయ్యాల? వద్దు" అంది. ఆ మాటతో అందరం ఇంటికి వచ్చేశాం.

తర్వాత కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం అన్నం తింటూ జేజి ముద్ద వదిలేసింది. గొంతులోంచి సన్నని ఈల లాంటి శబ్దం వచ్చింది. ఈసారి బిగుసుకున్నది గొంతు. ఊపిరి లోపలికి పోవడం లేదు. ఆమె ముఖం నల్లబడటం నేను కళ్లారా చూశాను. మా అమ్మ వీధిలోకి పరుగెత్తి ఆటో తెచ్చింది. ఆస్పత్రిలో నరంలోకి కాల్షియం ఎక్కించాక మనిషి తేరుకుంది. ఇంకోసారి ఇలా వస్తే ఆస్పత్రిదాకా తేగలరన్న నమ్మకం లేదని డాక్టరమ్మ మా నాన్నతో చెప్పింది. నాన్న వచ్చి మంచం పక్కన నిలబడి, అక్క ఇచ్చేదానికి ఒప్పుకోమని బతిమాలాడు. జేజి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆస్పత్రిలో సూదులకు అడ్డమని ఆమె చేతి గాజులన్నీ తీసేశారు. మా తాతయ్య ఉండగా ఆమె బోడిచేతులతో ఇంట్లో తిరగడం మావాళ్లకు కిట్టదు. అందుకని ఇంటికి వచ్చిన మర్నాడే గాజుల అక్క పెట్టె పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. నేను జేజి పక్కనే కూర్చున్నాను.

గాజులు వేయడంలో ఒక పద్ధతి ఉంది. అడిగినన్ని వేశాక చివర ఇంకొక గాజు వేస్తారు. అది కొసరు. దానికి డబ్బు ఇవ్వరు, ఇచ్చినా తీసుకోరు. కొసరు పడకుండా చెయ్యి వెనక్కి తీసుకోవడం ఇంటి పసుపుకుంకుమలకే మంచిది కాదంటారు.

అక్క రెండు చేతులకూ గాజులు వేసి, పెట్టె మూత వేసేసింది. జేజి చెయ్యి చాపినది చాపినట్టే ఉంది.

"ఏమ్మే, కొసరు మరిచినావు."

"మరవలేదు పెద్దమ్మా. మీ ఇంట్లో ఊరికే ఏదీ తీసుకోరంట గదా. డాక్టరమ్మ ముందర నువ్వే అంటివి. నేనూ ఆడనే ఉండాను."

"గాజు వేరే, అది వేరే."

"ఏమి వేరే? ఇన్నేండ్లు నీ చేతికి కొసరు వేస్తానే ఉండాను. ఎప్పుడన్నా దుడ్డు ఇచ్చినావా? గిన్నెలో ఏమన్నా పెట్టి పంపినావా?"

మా ఇంట్లో గడప దాటి వచ్చిన ప్రతిదానికీ బదులు పోయిందని నేను గట్టిగా నమ్మేదాన్ని. జేజి కూడా అలాగే నమ్మి ఉంటుంది. పండగ పండగకూ చేతికి ఎక్కుతున్న ఆ ఒక్క గాజు మాకెవరికీ కనబడలేదు.

అక్క గొంతు తగ్గించి, "కొసరంటే పగిలిన గాజు కాదు పెద్దమ్మా, అమ్ముడుపోనిదీ కాదు. చెయ్యి నిండుగా ఉండాలని వేసేది. ఇదీ అట్లే. నాకు ఎక్కువైండాది, నీకు లేదు. దాచుకుంటే నా ఎముకలు తింటాది. నువ్వు వద్దంటే డాక్టరమ్మ బుట్టలో వేస్తాది. నీ చేతిలోనే ఉండనీలే" అంది.

బయట కొళాయి దగ్గర బిందెల చప్పుడు వినిపిస్తోంది. జేజి తన చెయ్యి వైపు చూసుకుంది. ఆ తర్వాత దాన్ని ఇంకొంచెం ముందుకు జరిపి, "వెయ్యి" అంది.

"ఏది? గాజా, అదా?"

"ఎగతాళి చాలు, సుమ్మనే ఉండు. రెండూ."

ఆపరేషన్లు రెండూ ఒకే రోజు జరిగాయి. ముందు అక్కకు, వెంటనే జేజికి. జేజి ముంజేతి మీద చిన్న కోత, నాలుగు కుట్లు. అంత చిన్న పనికా ఇంత రాద్ధాంతం అన్నాడు మా తాతయ్య. ఒళ్లు ఎదురుతిరగకుండా కొన్నాళ్లు వేరే మందులు కూడా వాడారు. మొదట తేడా ఏమీ కనబడలేదు. దసరా దాటాక ఆమె చేతులు బిగుసుకోవడం తగ్గింది. రక్తపరీక్షలో హార్మోన్ జాడ కనిపించిందని డాక్టరమ్మ మాత్రలు సగానికి తగ్గించింది.

అక్క మెడకు కట్టుతో ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మా అమ్మ మైసూర్‌పాకు చేయడానికి పొయ్యి వెలిగించింది. జేజి ఆపించింది. కొసరుకు బదులు పెట్టకూడదంది. కానీ అక్క మా గుమ్మంలోకి వచ్చేసరికి, నాన్న పనిచేసే కొట్టు యజమాని వచ్చినా కూర్చున్నచోటు నుంచి కదలని మా జేజి, లేచి నిలబడింది. అక్క కూర్చునేదాకా నిలబడే ఉంది. ఆ తర్వాత కూడా ఆమె వచ్చినప్పుడల్లా అలాగే లేచేది.

ఆ గ్రంథి మూడు నాలుగేళ్లు పనిచేసింది. తర్వాత మెల్లగా మందగించింది, మాత్రలు మళ్లీ పెరిగాయి. డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి మేమెవరం ఆమెను తప్పుపట్టలేదు. ఆ పద్ధతిలో అందరికీ నయమవుతుందని నేను చెప్పను, నాకు తెలిసింది మా ఇంటి సంగతే. అయితే ఈసారి జేజి చేతులు దాచుకోలేదు. బిగుసుకున్నప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్లను పిలిచి, కాస్త పట్టుకోమనేది. అడిగిన మందు వేళకు అందడం వల్ల మరో పదేళ్లు మా మధ్య తిరిగింది.

ఇవ్వడం మా ఇంట్లో తరతరాలుగా ఉన్నదే. దాన్ని నాకు ఎవరూ నేర్పలేదు. తీసుకోవడం మాత్రం నేను ఆ రోజు జేజి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందుకు నడుము వంచనక్కరలేదని కూడా అప్పుడే తెలిసింది. ఈమధ్య జ్వరంతో పడి ఉంటే, పై అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి చారన్నం కలుపుకుని వచ్చి తలుపు తట్టింది. ఆమె పేరు కూడా నాకు సరిగా తెలియదు. ఇవన్నీ ఎందుకమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, రెండు చేతులా అందుకుని, ఆకలిగా ఉంది, సమయానికి తెచ్చావు అన్నాను. ఆకలిగా ఉందని బయటివాళ్లతో చెప్పినవాళ్లు మా వంశంలో నాకు ముందు ఎవరూ ఉండి ఉండరు.