ఎవరికీ తెలియని బీచ్‌లో మా బావ కారు

శంషాబాద్‌లో ఇల్లున్నంత మాత్రాన విమానాలన్నీ తమవే అనుకునే మనుషులు కొందరున్నారు. మా అక్క భర్త వాళ్లలో మొదటివాడు. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్క అపార్ట్‌మెంట్‌లోకి మారినప్పటి నుంచి ఆయనకు సెలవులంటే గోవా, గోవా అంటే పూలచొక్కా. నాలుగు రోజులు పోయివచ్చి నలభై రోజులు చెప్పేవాడు. అందులో సముద్రం గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. హోటల్లో పొద్దున టిఫిన్లు ఎన్ని రకాలు పెట్టారన్నదే కథ.

కిందటేడాది ఆయనకు గోవా మొహం మొత్తింది. "ఇగ గోవాకు అందరు పోతున్నరు" అన్నాడు, తాను ఆ అందరిలో ఎన్నడూ లేనట్టు. ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. చీరాల అవతల, సర్వి చెట్ల తోటల వెనక, ఎవరికీ తెలియని బీచ్ అట. కింద చూస్తే ఆ వీడియోను లక్షల మంది చూసి ఉన్నారు. మరి ఎవరికీ తెలియంది ఎట్లా అయిందని అడిగాను.

"నీకు అన్నిట్ల వంకలే" అన్నాడు.

నిజానికి ఆ తీరం నాకు బాగా తెలుసు. రాజేంద్రనగర్‌లో మట్టి పరీక్షలు చేసే ల్యాబులో నా ఉద్యోగం. వేరుశనగ పండే ఇసుక నేలల నుంచి మట్టి తేవడానికి ఏటా ఆ వైపు పోతుంటాను. పని అయ్యాక సముద్రం చూద్దామని మొదటిసారి సూర్యలంక బీచ్‌కు ఆదివారం పోయి, ఆ జనాన్ని చూసి వెనక్కి తిరిగాను. ఆ తర్వాత పల్లెల వెంట తిరగడం నేర్చుకున్నాను. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఒక పూటంతా నిలబడ్డాను. పేరుపాలెంలో కొబ్బరితోటల నీడన నడిచాను. సముద్రం చూడాలని నిజంగా ఉన్నవాళ్లు అలాంటి చోట్లకే పోవాలి. మామూలు రోజున, పొద్దున్నే పోవాలి. తిండీ నీళ్లూ వెంట పెట్టుకోవాలి. కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ చివరిది మా బావకు చేతకాదు.

ఆ మాటలన్నీ ఆయనకూ చెప్పాను. "కారును మాత్రం ఇసుకలోకి దింపకు" అని మరీ మరీ చెప్పాను. వీడియోలో వాళ్లు దింపారని ఆయన జవాబు.

బయలుదేరేది ఆయన, అక్క, నేను అనుకున్నాం. అక్క మా మేనత్తను కూడా పిలిచింది. మేనత్తది మా శంషాబాద్ వైపు కందుకూరు దగ్గరి పల్లె. డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్నా ఇప్పటికీ టమాట తోట తానే చూసుకుంటుంది. ఆమె సముద్రం ఎన్నడూ చూడలేదు. బావకు ఇది నచ్చలేదు. "అత్తమ్మకు బీచ్ ఎందుకు? అక్కడ ఏం జేస్తది?" అన్నాడు.

"నువ్వేం జేస్తవో అదే జేస్తది" అంది అక్క.

తెల్లవారంగ బయలుదేరి సాగర్ మీదుగా పోయాం. మేనత్త ఒళ్లో జొన్నరొట్టెల మూట, కాళ్ల దగ్గర తోటలో కోసిన టమాటల సంచి. దారి పొడుగునా ఆ సంచి వాసన వస్తోందని బావ అద్దం దించుతూనే ఉన్నాడు. పదకొండు దాటాక ఆ పల్లె చేరాం. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మా బావలాంటి వాళ్లు ఇంకో నలుగురు తయారవుతారు.

సర్వి తోట దాటగానే సముద్రం కనబడింది. ఒడ్డున నాలుగు పడవలు, ఎండబెట్టిన చేపలు, వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లు. తోట అంచున పంచాయతీవాళ్లు వేసిన చిన్న పార్కు ఉంది. రెండు సిమెంటు బెంచీలు, ఒక ఉయ్యాల, బోలెడంత నీడ. ఆ నీడలో కూర్చుంటే ఎదురుగా నీళ్లు తప్ప ఏమీ కనబడవు. అంతకన్నా ఏం కావాలి? మా బావకు కావాలి. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు.

"ఏందిది? ఒక కాఫీ షాపు లేదు, బాత్రూం లేదు, గొడుగులు లేవు. మనుషులే లేరు!"

ఎవరూ లేని చోటు కావాలని ఇన్ని గంటలు నడుపుకొచ్చిన మనిషి అన్న మాట ఇది. పైగా ఎదురుగా పదిమంది పనిచేసుకుంటున్నారు. ఆయన లెక్కలో వాళ్లు మనుషులు కారు కాబోలు.

కనీసం వీడియో అయినా తీసుకోవాలని ఫోన్ అక్క చేతికిచ్చి కారెక్కాడు. నేను అడ్డం నిలబడ్డాను. పక్కనుంచి తిప్పుకుని, తడి ఇసుక గట్టిగా ఉంటుందని, నీళ్ల అంచుకు పోనిచ్చాడు. కొంతదూరం సినిమా హీరోలాగానే పోయాడు. తిప్పబోయిన చోట ముందు చక్రం దిగింది. దిగిందని తెలిసి కూడా గట్టిగా తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి ఇసుకను నాలుగు వైపులా చిమ్మాయి. కారు ఇరుసు దాకా కూరుకుపోయింది. అల వచ్చి తలుపు తాకి పోయింది. సముద్రానికి పోటు మొదలైంది.

"తొక్కకు అల్లుడా! తొక్కిన కొద్ది దిగుతది!" మేనత్త చీర దోపుకుని పరుగెత్తింది.

"నాకు తెల్వదా అత్తమ్మా, నువ్వు జరుగు" అని ఆయన మళ్లీ తొక్కాడు. రెండో అల కారు లోపలికే వచ్చింది. అప్పుడు తెలిసింది ఆయనకు. పూలచొక్కా తడిసి ఒంటికంటుకోగా, చెప్పులు చేతపట్టుకుని దిగి ఒడ్డుకొచ్చి నిలబడ్డాడు. అక్క ఏడుపు మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడను.

వలల దగ్గరి ఆడవాళ్లలో పెద్దామె లేచి వచ్చింది. కారును చూసింది, బావను చూసింది.

"ఏం సారూ, పడవనుకున్నావా?" అంది. తర్వాత మావైపు తిరిగి, "పడవలు లాగే ట్రాక్టరు చీరాల పోయిందమ్మా. అది వచ్చేసరికి ఇది మునిగిపోద్ది" అంది.

"ట్రాక్టర్ ఎందుకక్కా? మా పొలంల ఎడ్లబండి దిగబడితే గిట్లనే తీస్తం" అంది మేనత్త. "టైర్లల్ల గాలి సగం తియ్యాలె. ఎనక ఇసుక తోడి కొమ్మలెయ్యాలె. తాడు దొరుకుతదా?"

"మా ఊళ్లో దొరికేదే తాడు" అంది పెద్దామె.

ఒకరినొకరు ఎన్నడూ చూడని ఆ ఇద్దరూ పని పంచుకున్న తీరు నేను మరిచిపోలేను. పెద్దామె కేక వేస్తే పడవల నీడలో పడుకున్న మగవాళ్లు లేచి వచ్చారు. మేనత్త మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తోడింది. నేను టైర్లలో గాలి తీశాను. సర్వి కొమ్మలు, పాత వల ముక్కలు చక్రాల కింద దూర్చారు. పెద్ద వల లాగే తాడు వెనక కట్టి అందరం పట్టుకున్నాం. అల వెనక్కి పోగానే పెద్దామె "ఊఁ" అనేది, మేమంతా లాగేవాళ్లం. బావ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు అప్పగించగలిగిన పని అదొక్కటే. ఏడోసారో ఎనిమిదోసారో కారు ఒక్క కుదుపుతో పైకి వచ్చింది, మేమందరం వెల్లకిలా పడ్డాం.

కారు బయటపడింది కానీ స్టార్టు కాలేదు. ఉప్పునీళ్లు ఎక్కడెక్కడికో పోయాయి. బండిని ఎత్తుకుపోయే లారీవాడు సాయంత్రానికి వస్తానన్నాడు. బావ సిమెంటు బెంచీ మీద కూర్చుని ఎవరెవరికో ఫోన్లు చేసి, రోడ్డు బాగాలేదని, ఊరు బాగాలేదని, కారు కంపెనీ మోసం చేసిందని చెబుతూ కూర్చున్నాడు.

మేనత్త చేతులు కడుక్కోవడానికి నీళ్లలోకి దిగింది. దోసిట్లో పట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్లు బిడ్డా! ఒక్క మడికి పనికిరావు!" అంది. నిజంగానే కోపమొచ్చింది ఆమెకు. వానకోసం ఆకాశం చూసే మనిషికి రాదా మరి? అయినా బయటకు రాలేదు. చీర మోకాళ్ల దాకా తడుస్తుంటే గంటసేపు అక్కడే నిలబడింది. ఏం చూస్తున్నావని అడిగితే, "జర మాట్లాడకు" అంది.

మధ్యాహ్నం టమాటల సంచి పెద్దామె ఇంటికి పోయింది. ఆ టమాటలతో ఆమె చేపల పులుసు పెట్టింది. మా జొన్నరొట్టెలు తుంచి అందులో ముంచుకుని అందరం తిన్నాం. బావ కూడా తిన్నాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఇంటికొచ్చిన వారం తర్వాత అక్క ఫోన్ చేసి నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో చెప్పింది. బావ ఆ రోజు అక్క తీసిన వీడియోలో కారు దిగబడిన ముక్క కోసేసి, నీళ్ల అంచున దూసుకుపోయే ముక్క మాత్రం అందరికీ పెట్టాడట, ఊరి పేరుతో సహా. అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఆయన సాహసయాత్ర గురించే మాటలట. లాగినవాళ్ల ఊసు ఎక్కడా లేదు. ఆ శనివారమే అదే అపార్ట్‌మెంట్ నుంచి మూడు కార్లు బయలుదేరాయి.

చలికాలంలో మేనత్త తానే ఫోన్ చేసింది. "ఆ అక్కను సూసొద్దాం పా" అంది. ఇద్దరం రైలులో చీరాల దిగి, ఆటోలో పోయాం. సర్వి తోట నిండా ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు. బెంచీ మీద ఎవరో పేర్లు చెక్కుకున్నారు. పెద్దామె కొంగుతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"మీరెళ్లాక కార్లే కార్లమ్మా. చేపలు ఆరబెట్టుకునే చోటు లేకుండా చేశారు" అంది. నేను తలెత్తలేకపోయాను. మీ ఊరి పేరు వీడియోలో పెట్టింది మా ఇంటి మనిషే అని చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తోట మొదట్లోకి తీసుకుపోయి చూపించింది. దారికి అడ్డంగా పాత పడవ దుంగ ఒకటి పడేసి ఉంది, రెండు పక్కలా గుంజలు పాతి. నడిచే మనిషి దాటగలడు, కారు దాటలేదు.

మేనత్త వంగి ఆ గుంజలను ఊపి చూసింది. "ఇంక జర లోతు పాతాలె" అంది.

ఆ పూట మేం ముగ్గురం గడ్డపార తెచ్చి అదే పని చేశాం.