వేడి చేసిందిలే

మా ఇంట్లో ఏ జబ్బుకైనా నాయనమ్మ చెప్పే కారణం ఒక్కటే, వేడి. కళ్లు ఎర్రబడితే వేడి, సెగ్గడ్డ లేస్తే వేడి. తొంభైల్లో ఒక వేసవిలో నాన్నకు నోటిపూత వచ్చినప్పుడూ ఆవిడ ఆ మాటే అంది. భవానీపురంలో ఎండలు మండిపోతున్నాయి కాబట్టి అందరూ నమ్మారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. చనిపోయిన పెదనాన్నకూ ముందు వేడే చేసింది. తర్వాత బుగ్గకు చిల్లు పడింది. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు.

నాన్న చేపల మార్కెట్లో వేలం వేసేవాడు. ఆయన గొంతెత్తి ధర పెంచుకుంటూ పోతేనే గంపలు కదిలేవి, మా పొయ్యి వెలిగేది. ఇప్పుడేమో మాట ముద్దగా వస్తోంది.

వైద్యం నా చేతికి వచ్చింది. పొద్దున్నే లేత జామాకులు నమిలించేదాన్ని. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు పుక్కిలించమనేదాన్ని. ఎండ తగ్గాక వేలికి తేనె అద్దుకుని, ఆయన చూపించిన ఎడమ బుగ్గ లోపల పూసేదాన్ని. వారం తిరక్కుండానే అక్కడి పుళ్లు మానాయి.

"చూశావా, నువ్వే ఊరికే హడలి చస్తన్నావ్" అంది నాయనమ్మ.

నా హడలు తగ్గలేదు. పుళ్లు ఉన్నన్నాళ్లూ నాన్న అన్నం ఆ ఎడమ పక్కనే నమిలాడు, మానాక కూడా అటే నములుతున్నాడు. పుండున్న పక్కన ఎవరైనా నములుతారా? చేపల పులుసులో కారం తగ్గించమని అమ్మను ఇంకా పోరుతూనే ఉన్నాడు. అన్నం తింటున్నంతసేపూ ఆయన దవడ వంకే చూసేదాన్ని.

ఒకరోజు టార్చిలైటు తెచ్చి, రెండో పక్క కూడా చూపించమన్నాను. అక్కడేం లేదన్నాడు. నేను కదల్లేదు. ఆయన ఒకసారి గుమ్మం వైపు చూసి, చిన్నగా అన్నాడు.

"అది వేడి కాదమ్మా."

నోరు తెరిచాడు. కుడి బుగ్గలో, ఖైనీ అదిమిపెట్టుకునే చోట, తెల్లగా మందంగా ఒక మచ్చ. దాన్ని మా కంట పడనివ్వకుండా ఇన్నాళ్లూ ఎడమ పక్క చూపిస్తూ వచ్చాడు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. నాయనమ్మ కూడా వేడి మాట ఎత్తలేదు.

"క్యాన్సర్ అయితే ఇంకా కాలేదండీ. ఖైనీ మానకపోతే మాత్రం నేనేం చెప్పలేను" అన్నారు డాక్టరు గారు.

నాన్నకు 'కాలేదు' వినిపించింది. నాకు 'ఇంకా' వినిపించింది. ఆయన హుషారుగా మెట్లు దిగి, బస్టాపులో అలవాటుగా చొక్కా జేబు తడుముకున్నాడు. నేను చెయ్యి చాపాను. బస్సు వచ్చింది, జనం ఎక్కారు, అది వెళ్లిపోయింది కూడా. నేను చెయ్యి తీయలేదు. అప్పుడు పొట్లం నా అరచేతిలో పెట్టాడు.