జింజ్‌లో కొన్న స్టీలు గిన్నె

నరసాయమ్మకు అక్షరం ముక్క రాదు గానీ, గిన్నెల సంగతి ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గోటితో అంచు మీద కొట్టి, ఎక్కడ బీట ఉందో చెప్పేస్తుంది. పన్నెండేళ్లుగా అరబ్బుల దేశంలో, బుసైతీన్‌లో ఒకరింట్లో అంట్లు తోముతున్న మనిషి మరి! శుక్రవారం సెలవు దొరికితే తోటివాళ్లు బంగారం కొట్ల ముందు తిరుగుతారు. ఈవిడ జింజ్‌లో పాత సామాన్ల దుకాణానికి పోతుంది. దేశం విడిచి వెళ్లేవాళ్లు వదిలేసిన కప్పులు, జత తప్పిన సాసర్లు అక్కడ అరల నిండా ఉంటాయి. ఒక్కొక్కటీ తిరగేసి చూసి, కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చేస్తుంది.

ఆ శుక్రవారం మాత్రం ఊరికే చూడ్డానికి రాలేదు. వాళ్ల పక్క ఊరి పిల్ల లక్ష్మిప్రసన్న, మొగుడు సత్యప్రసాద్‌తో తుబ్లీలో ఉంటోంది. ఆ పిల్లకు ఏడో నెల. తల్లి వద్దామంటే వీసా కుదరలేదు. కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటి చలిమిడి అందకపోతే ఎలా అని నరసాయమ్మ ప్రాణం ఊరుకోలేదు. పనిచేసే ఇంటి మేడం లేవకముందే పాకం పట్టి చలిమిడి చేసేసింది. దాన్ని ప్లాస్టిక్ డబ్బాతో ఇవ్వడానికి మాత్రం మనసొప్పలేదు. కొత్త గిన్నె కొందామంటే, ఈ కాలం గిన్నెలన్నీ ఉత్త రేకులని ఆవిడకు చిరాకు.

అడుగు అరలో దొరికింది, మూతతో సహా, బరువైన స్టీలు గిన్నె. అంచు చుట్టూ చుక్కలతో కొట్టిన తెలుగు అక్షరాలు. చదవలేకపోయినా ఆ గుండ్రాలు మనవేనని తెలుసు. ఎవరి పెళ్లి కానుకో అనుకుని పొంగిపోయింది.

తుబ్లీ చేరి, గిన్నెను చింతపండుతో తళతళలాడేలా తోమి, అందులో చలిమిడి ముద్దలు సర్దింది. అప్పటికే పై వాటాలో ఉండే జగిత్యాల రమ పసుపు కుంకుమలతో వచ్చి కూర్చుంది. గిన్నె అందుకుని, అంచు మీది పేరు చదివి ఉలిక్కిపడింది.

"గిదేంది అవ్వా! కీర్తిశేషులు పేరయ్య జ్ఞాపకార్థం అని ఉన్నది. సచ్చిపోయినోళ్ల దినాలకు పంచిన గిన్నె గిది!"

నరసాయమ్మ, మొగుడు పోయిన పదిహేనేళ్లుగా ఏ శుభకార్యానికి వెళ్లినా గుమ్మం దగ్గరే నిలబడే మనిషి. ఇవాళ ధైర్యం చేసి లోపలికొచ్చి, ఇంత అపచారం చేసిందా! సిగ్గుతో చెయ్యి చాపింది.

"ఇలా ఇచ్చెయ్యమ్మా. సదువు రాని మొద్దుని. పట్టుకెళ్లి పడేత్తాను."

లక్ష్మిప్రసన్న గిన్నెను తన దగ్గరికి లాక్కుంది.

"ఎందుకు పిన్నీ పడేయడం? మా నాన్న పెద్దకర్మకి మేమూ ఇలాంటివే పంచాం. అమ్మ దగ్గరుండి ఒక్కోదాని మీదా పేరు కొట్టించింది. అందులో ఒకటి ఎవరో పారేశారని తెలిస్తే అమ్మ ఎంత ఏడుస్తుందో!"

రమ తల దించుకుంది. "నోటికొచ్చింది అనేసిన. మనసుల పెట్టుకోకు అవ్వా."

లక్ష్మిప్రసన్న కొంగు పరిచి, నరసాయమ్మ ముందు కూర్చుంది.

"నువ్వే పెట్టు పిన్నీ."

"నేనేటి, నేను పెట్టకూడదే అమ్మా. రమ పెడతాది."

"మా అమ్మ వచ్చినా నీలాగే బొట్టు లేకుండానే వచ్చేది. అమ్మని గుమ్మం దగ్గర నిలబెడతానా?"

నరసాయమ్మ తడి లేని చేతుల్నే రెండుసార్లు తుడుచుకుని, ఒక ముద్ద తీసి పిల్ల ఒళ్లో పెట్టింది. ఇంకోటి పెట్టింది. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, గిన్నె ఖాళీ అయ్యేదాకా పెడుతూనే ఉంది.

"ఇగ సాలు అవ్వా, పిల్ల లేవలేదు!" అంటూ రమ నవ్వింది.