చెరుకు స్పిరిట్‌తో నడిచిన ప్రమీలమ్మ కారు

2025వ సంవత్సరం. బంకుల్లో పోసే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిసి రావడం మామూలైపోయిన ఏడాది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన నాకొక షెడ్డు ఉండాది. ఆ ఏడాదంతా షెడ్డుకు వచ్చినవాళ్లది ఒకటే ప్రశ్న, "రత్నం అన్నా, ఈ ఇథనాల్ వల్ల నా ఇంజన్ పోతుందా?" అని. దానికి జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చిన రోజుల్లోనే ప్రమీలమ్మ వచ్చినారు. ఆమె అడిగింది దానికి పూర్తిగా ఎదురు మాట.

ముందు నా పని గురించి రెండు ముక్కలు చెప్తాను. చిత్తూరులో ఒక మెకానిక్ షెడ్డులో కార్బురేటర్లు విప్పి కడిగి నేర్చుకున్నవాణ్ణి నేను. అప్పట్లో స్క్రూడ్రైవర్‌తో ఒక స్క్రూ తిప్పి, చెవితో విని, ఇంజనుకు ఎంత పెట్రోలు పోవాలో కుదిర్చేవాళ్లం. ఇప్పుడా పని కారులో ఉండే చిన్న కంప్యూటర్ చేస్తుంది. దాన్ని ఈసీయూ అంటాం. ఏ వేగంలో ఎంత పెట్రోలు కొట్టాలి, ఎప్పుడు నిప్పు రవ్వ వెయ్యాలి అనే లెక్కలు దాంట్లో ఉంటాయి. ఆ లెక్కల పేరు మ్యాప్. ల్యాప్‌టాప్ తగిలించి ఆ మ్యాప్‌ను మార్చడమే ట్యూనింగ్. ఇథనాల్ ఎక్కువగా పోసుకొని, దానికి తగ్గట్టు మ్యాప్ మార్చుకుంటే, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉన్న కార్లకు పవర్ బాగా పెరుగుతుంది. కాబట్టి కుర్రోళ్లు అడుగుతా ఉంటారు. అరవై దాటిన ఆడమనిషి అడగడం మాత్రం అదే మొదలు.

ఎర్ర రంగు టర్బో కారు. బాగా పరిగెత్తే రకం. గాలి ఫిల్టర్ ఒక్కటి మార్చినారు, మిగతాదంతా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాది. ఆమే నడుపుకుంటూ చిత్తూరు నుంచి వచ్చి, దిగి, నేరుగా అడిగినారు.

"ఈ కారు స్పిరిట్‌తో నడవల్లప్పా. ఎంత ఎక్కువ కలపగలిగితే అంత."

"పవర్ కోసమామ్మా?"

"పవర్ నాకెందుకు? ఉన్నదే సాలు."

కుర్చీ వేస్తే కూర్చుని అసలు సంగతి చెప్పినారు. ఆమె చిత్తూరు పక్క ఒక చక్కెర ఫ్యాక్టరీకి అనుబంధంగా ఉండిన డిస్టిలరీలో కెమిస్ట్‌గా పని చేసినారు. చక్కెర తీసినాక మిగిలే చెరుకు మడ్డిని పులియబెట్టి స్పిరిట్, అంటే ఇథనాల్, తీసే చోటు అది. ల్యాబులో ఆమె ఒక్కతే ఆడమనిషి. రోజూ సీసాలో స్పిరిట్ పట్టి, దాని పాళ్లు చూసి సంతకం పెట్టడం ఆమె పని. "ఇదొక రోజు బండ్లకు పోసేస్తారు చూడండి" అని ఆమె అంటే ల్యాబులో అందరూ నవ్వేవాళ్లంట. తర్వాత ఫ్యాక్టరీ నష్టాల్లో పడి మూతపడింది. ఇప్పుడేమో దేశమంతా ఇథనాల్ కావాలంటా ఉండారు.

"మేము మూసుకున్నాక జనాలకు కావాల్సొచ్చింది," అన్నారామె. కోపంగా కాదు. బస్సు తప్పిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పినారు.

ఆమె భర్త దొరస్వామి గారు అదే ఫ్యాక్టరీలో కేన్ ఇన్‌స్పెక్టర్. ఊరూరూ తిరిగి రైతుల చేత చెరుకు నాటించడం, కోతకొచ్చినప్పుడు కటింగ్ ఆర్డర్లు ఇవ్వడం ఆయన పని. మూతపడబోతోందని పుకారు పుట్టినప్పుడు, "ఏం కాదు, ఈ ఒక్క ఏడు చెరుకు ఉంచండి" అని ఆయనే రైతులకు చెప్పినాడు. పైవాళ్లు ఆయనకు చెప్పింది కూడా అదే. ఆయన మాట నమ్మి ఉంచినవాళ్ల చెరుకు చేలోనే ఎండిపోయింది. అప్పటినుంచి ఆయన ఆ ఫ్యాక్టరీ దావన పోలేదు. బంధువుల పెళ్లి ఉన్నా చుట్టు తిరిగి ఇంకో రోడ్డున పోతాడంట.

"ఆయన్ను ఆడికి ఒకసారి తీసకపోవల్ల," అన్నారు ప్రమీలమ్మ. "ఊరికే పిలిస్తే రాడు. మన స్పిరిట్‌తో నడిచే బండిలో పిలిస్తే వస్తాడేమోనని నా ఆశ."

నాకూ చెరుకు తెలుసు. చిన్నప్పుడు మా బడి ముందర చెరుకు ట్రాక్టర్లు పోతా ఉంటే వెనక పరిగెత్తి గడలు లాక్కున్నవాళ్లం. ఫ్యాక్టరీలో చెరుకు ఆడడం మొదలైతే గాలి తిరిగినప్పుడల్లా ఊరంతా పాకం వాసన. ఆ వాసన వస్తే చలికాలం వచ్చినట్టు మాకు. అది ఎప్పుడు ఆగిపోయిందో కూడా గమనించకుండా పెద్దవాణ్ణి అయిపోయినాను. ఆమె మాటలు వింటుంటే అది గుర్తొచ్చింది. ఒప్పుకున్నాను.

కంపెనీ వారంటీ పోతుందని, రబ్బరు పైపులకు ఎక్కువ ఇథనాల్ ఎక్కువ కాలం పడదని, ఒకటి రెండు ట్యాంకులకు మించి పోయొద్దని ముందే చెప్పినాను. తమిళనాడు పక్క ఒక బంకులో ఇథనాల్ పాలు చాలా ఎక్కువ ఉండే ఆయిల్, అంటే బండికి పోసే ఇంధనం, దొరుకుతుంది. ట్యాంకు దాదాపు ఖాళీ చేసుకొని, పుత్తూరు, నగరి మీదుగా ఇద్దరం అక్కడికి పోయినాం. పోయించుకున్నాక బంకు పక్కన చెట్టు నీడలో ఆపి, నేను తయారు చేసి పెట్టుకున్న మ్యాప్ ఎక్కించినాను. ఈలోగా ఆమె సంచిలోంచి కొలత గీతలున్న గాజు గొట్టం తీసినారు. ట్యాంకులోంచి తీసిన ఆయిల్ కొంచెం దాంట్లో పోసి, నీళ్లు కలిపి, మూసి కుదిపి నిలబెట్టినారు. ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది, పెట్రోలు పైన తేలుతుంది. ఎంత దిగిందో చూస్తే పాలు తెలిసిపోతుంది. కళ్లకు సమానంగా పట్టుకొని చూస్తా ఉన్న ఆమె ముఖంలో ఉద్యోగపు రోజులు కనబడినాయి నాకు.

"బాగుండాది. మా సరుకంత శుభ్రంగా లేదు గానీ, బాగుండాది," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆమె నడుపుతుంటే నేను పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకొని లెక్కలు చూస్తున్నాను. మామూలుగా పోయినంతసేపు ఇబ్బంది లేదు. ఖాళీ రోడ్డు చూసి, "ఇప్పుడు పూర్తిగా తొక్కండమ్మా" అన్నాను. కారు ముందుకు దూకింది. దూకిన కొద్దిసేపటికే తెర మీద రైల్ ప్రెషర్ పడిపోవడం మొదలైంది. ఇంజనుకు ఆయిల్ కొట్టే గొట్టంలో ఉండాల్సిన ఒత్తిడి అది. అంతే గాలికి పెట్రోలు కంటే ఇథనాల్ చాలా ఎక్కువ కావల్ల. కంపెనీ పంపు అంత అందించలేకపోతుంది. ఆయిల్ చాలక గాలి ఎక్కువైతే లోపల వేడి పెరిగి పిస్టన్లు కరిగిపోతాయి.

"కాలు తీసేయండమ్మా."

వెంటనే తీసేసినారు. పక్కకు ఆపించి, ఉన్న విషయం చెప్పినాను.

"రెండు దారులు ఉండాయమ్మా. సగానికి సగం పెట్రోలు కలుపుకుంటే పంపు తట్టుకుంటుంది, పవర్ కూడా బాగా పెరుగుతుంది. అందరూ అదే చేస్తారు. లేదు, స్పిరిట్ ఇంతే ఉండల్ల అంటే టర్బో ఒత్తిడి బాగా తగ్గించేయల్ల. అప్పుడు కారు కంపెనీ ఇచ్చినప్పటికంటే నిదానం అయిపోతుంది."

"తగ్గించెయ్యప్పా," అన్నారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇన్నేళ్లలో ఇథనాల్ ట్యూన్ అడిగినవాళ్లంతా పవర్ కోసమే ఇథనాల్ పోసుకున్నారు. ఇథనాల్ కోసం పవర్ వదులుకున్న మనిషిని ఆమెనే చూసినాను. పవర్ తగ్గించి మ్యాప్ రాయడం కొత్త పనే నాకు. అలవాటైన చెయ్యి పైకే పోతా ఉంటుంది, దాన్ని పట్టి కిందికి లాగాల్సొచ్చింది. నాలుగైదుసార్లు ఆ రోడ్డునే తిప్పి, ఎంత తొక్కినా ప్రెషర్ కదలకుండా కుదిర్చినాను.

ఆదివారం పొద్దున ఆయన్ను పిలుచుకొని పోవాలనుకున్నారు ప్రమీలమ్మ. ఆ పొద్దున్నే ఫోన్ వచ్చింది. "కారు స్టార్ట్ కావడం లేదప్పా" అని. రాత్రి చలి బాగా పట్టింది. చల్లగా ఉన్నప్పుడు స్పిరిట్ సులభంగా ఆవిరి కాదు, అంటుకోదు. స్టార్ట్ అయ్యేటప్పుడు ఎక్కువ కొట్టేట్టు మ్యాప్‌లో పెట్టినాను గానీ, ఆ చలికి అది చాలలేదు. ల్యాప్‌టాప్ తీసుకొని చిత్తూరుకు బయల్దేరినాను.

నేను పోయేసరికి బానెట్ తెరిచి ఉండాది. దాని పక్కన లుంగీ, స్వెటరు వేసుకొని పొడుగ్గా ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. దొరస్వామి గారు. కారు విషయం తెలిసి కూడా అన్ని రోజులూ దాని దగ్గరికి రాలేదంట. భార్య మళ్లీ మళ్లీ తిప్పి అవస్థ పడతా ఉంటే చూడలేక బయటికి వచ్చినాడు.

"ఇది అయ్యేపని కాదని నేను చెప్తానే ఉండా," అన్నాడు నాతో. "పెట్రోలు బండికి స్పిరిట్ ఏందప్పా?"

"కొంచెం ఓపిక పట్టండి సార్," అని లెక్క పెంచి, ప్రమీలమ్మను స్టార్ట్ చెయ్యమన్నాను. రెండు మూడుసార్లు దగ్గింది, తర్వాత అందుకుంది. వెనక పైపు నుంచి తెల్లగా ఆవిరి, దాంతోపాటు ఒక వాసన. బాగా మాగిన పండు వాసన లాంటిది, కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా ఉంటుంది. చల్లని ఇంజన్‌లో సగం కాలిన స్పిరిట్ వాసన. నేను క్షమించమని అడగబోయినాను. ఆ పెద్దాయన వెనక్కి నడిచి పోయి, ఆ పొగ దగ్గర నిలబడిపోయినాడు.

"ప్రమీలా," అని పిలిచినాడు. "నువ్వు డ్యూటీ దిగి ఇంటికొస్తే నీ చీరకు ఇదే వాసన ఉండేది."

ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని ముందుకు చూస్తా కూర్చున్నారు. ఆయన లోపలికి పోయి ప్యాంటు, చొక్కా వేసుకొని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. మళ్లీ ఆగిపోతుందేమోనని నన్నూ వెనక ఎక్కమన్నారు.

ఊరు దాటినాక ఆయన నోరు విప్పినాడు. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలే. ఆయన కళ్లకు మాత్రం అవి చెరుకు చేలే. ఇది ఫలానా వాళ్ల మడి, ఇక్కడ చెరుకు తాటి చెట్టంత లేచేది, ఈ బావి కాడ కూర్చుని కటింగ్ ఆర్డర్లు రాసేవాణ్ణి అని చెప్తానే ఉన్నాడు. ప్రమీలమ్మ నిదానంగా నడిపినారు. ఆ కారు అంతకంటే వేగంగా పోవాల్సిన పని కూడా లేదు.

ఫ్యాక్టరీ గేటుకు తాళం. లోపల పిచ్చి మొక్కలు. ఎదురుగా ఒక టీ అంగడి. ఆడ బల్ల మీద కూర్చున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి లేచి వచ్చినాడు. తల మీద తువ్వాలు, చేతిలో టీ గ్లాసు. దొరస్వామి గారు సీట్లోనే బిగుసుకుపోయినాడు.

"గోవిందప్ప," అన్నారు ప్రమీలమ్మ నాకు వినబడేలా. "ఆ ఏడు ఈయన మాట మీద చెరుకు ఉంచినోళ్లలో ఒకడు."

గోవిందప్ప వంగి అద్దంలోంచి చూసినాడు. "ఏం సారూ, ఇన్నేండ్లకు ఈ దావ గుర్తొచ్చిందా?"

దొరస్వామి గారు కిందికి దిగినాడు. ఏదో మామూలు పలకరింపు అంటాడనుకున్నాను. "నేను సెప్పినాననే కదా గోవిందా నువ్వు సెరుకు ఉంచింది," అన్నాడు. "నీకు ముఖం చూపలేక రాలేదు."

గోవిందప్ప తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "కోపం లేదని అబద్ధం సెప్పను సారూ. సేలో సెరుకు అంతా ఎండిపోయి అగ్గి పెట్టిన దినం నిన్ను తిట్టుకున్నా. అయితే నువ్వు సెప్పకపోయినా ఉంచేవాణ్ణి. మా నాయన కాలం నుంచి సెరుకే. నాకు ఇంకేమొచ్చు? నాకు బాధైంది సెరుకుకు గాదు. ఫ్యాక్టరీ మూసినాక ఒక్కడన్నా వచ్చి మా ఇంటి ముందర కూర్చోలేదే అని. నువ్వన్నా వస్తావనుకున్నా."

గోవిందప్ప తన చేతిలో ఉన్న గ్లాసు దొరస్వామి గారి చేతికిచ్చి, ఇంకో టీ చెప్పడానికి అంగడి వైపు తిరిగినాడు. ఇద్దరూ ఆ బల్ల మీదే కూర్చున్నారు. నేనూ ప్రమీలమ్మా కారు దగ్గరే ఉండిపోయినాం. ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. మధ్యలో ఒకసారి గోవిందప్ప నవ్వడం వినబడింది. "సెరుకు సారాయితోనా? బండికి తాపించినారా?" అని అడుగుతున్నాడు. తర్వాత వచ్చి తనూ పొగ వాసన చూసి, తల ఊపి, నా పక్కన వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. వాళ్ల ఊరి దాకా దింపి వచ్చినాం.

ఆ ట్యాంకు అయిపోయినాక ప్రమీలమ్మ మళ్లీ షెడ్డుకు వచ్చినారు. "ఇంక సాలప్పా. పాత మ్యాప్ ఎక్కించెయ్. ఇప్పుడు ఎంతకీ పోదు ఈ కారు," అన్నారు నవ్వుతా. ఎక్కించినాను. దొరస్వామి గారు ఎట్లుండారని అడిగితే, బస్సెక్కి గోవిందప్ప కాడికి పోయినాడని చెప్పినారు. ఆమెను రమ్మని కూడా పిలవకుండా పోతా ఉండాడంట ఈ మధ్య.

నా పనిలో బాగా చేసినామని చెప్పుకోడానికి గుర్రపు శక్తి లెక్క ఒకటి ఉంటుంది. ముందు ఇంత, తర్వాత ఇంత అని. ప్రమీలమ్మ కారుకు ఆ లెక్క తీస్తే నేను చేసిన వాటిల్లో అదే అన్నిటికంటే తక్కువ. ఇప్పుడు షెడ్డుకు ఎవరు వచ్చినా, ఎంత పవర్ కావాలని మొదటే అడగడం మానేసినాను. కారు తీసుకొని యాడికి పోవాలనుకుంటున్నారో అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు కుర్చీ లాక్కొని కూర్చుంటారు.